కె.ఎల్.రావుగారు, మా నాన్న, బందరు కాలువ

కె.ఎల్.రావుగారిది ఏ పార్టీ అని మా నాన్నని ఎవరైనా అడిగితే కాస్త ఆలోచించి చెప్పేవాడు. ఏ శాఖ అని అడిగితే మాత్రం తడుముకునేవాడు కాదు. "మన శాఖే" అనేవాడు. ఆయనేమో కేంద్రంలో నీటిపారుదల, విద్యుత్ శాఖల మంత్రి. మా నాన్నేమో బందరు కాలువ మీద లస్కరు. మధ్యలో ఓవర్‌సీరు, ఈఈ, ఎస్ఈ, చీఫ్ ఇంజనీరు, రాష్ట్ర మంత్రి, ఇలా బోలెడన్ని మెట్లు. అవేవీ మా నాన్నకి పట్టేవి కావు. నీళ్ళ ఉద్యోగం చేసేవాళ్ళందరిదీ ఒకటే శాఖ, అంతే.

లస్కరంటే ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. కాలువ మీద కొన్ని మైళ్ళ గట్టు ఆయన పూచీ. పొద్దున్నే గేజి చూసి పుస్తకంలో ఎక్కించాలి. గట్టు వెంట నడుస్తూ ఎక్కడన్నా ఊట పడుతోందా, ఎవరన్నా రాత్రికి రాత్రి గట్టుకి కన్నం పెట్టారా అని చూసుకోవాలి. తూము షట్టర్లు పైవాళ్ళు చెప్పినన్ని అంగుళాలే ఎత్తాలి. ఆ షట్టరు తిప్పే ఇనప హ్యాండిలు మా ఇంట్లో తలుపు మూల ఉండేది. చిన్నప్పుడు రెండు చేతులా పట్టుకుని లాగినా కదిలేది కాదు. దాని కొస రాసుకుని రాసుకుని గోడకి సున్నం ఊడిపోయి ఒక గుంట పడింది. వంతుల రోజుల్లో రాత్రి పది దాటాక రైతులు మా అరుగు మీదకి చేరేవాళ్ళు. "ఏం లస్కరూ, మా చేలు ఎండుతుంటే నీకు నిద్రెలా పడుతుందయ్యా" అని ఒకాయన, "రెండంగుళాలు ఎత్తవయ్యా, తెల్లారేలోపు దించేద్దువుగాని" అని ఇంకొకాయన. వాళ్ళలో కొందరు ఊళ్ళో పెద్ద రైతులు, మా నాన్న కంటే అన్ని విధాలా పైవాళ్ళు. అందుకని గట్టిగా కాదనడానికి లేదు, సరేననడానికీ లేదు. అమ్మ మజ్జిగ ఇచ్చి పంపించేది.

"నా చేతిలో ఏముందండీ, పైనుంచి వదిలితేగా" అనేది అందరికీ ఆయన చెప్పే జవాబు. పైన అంటే బెజవాడ. 1855లో పూర్తయిన పాత ఆనకట్టకి 1952లో గండి పడింది. మా నాన్న అప్పటికి ఉద్యోగంలో కొత్త. ఆ సంగతి ఎప్పుడు చెప్పినా ఇంట్లో చావు గురించి చెప్పినట్టు గొంతు తగ్గించి చెప్పేవాడు. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చింది, 1957కి పూర్తయింది. అయితే బ్యారేజిలో నిలిచేది మూడు టీఎంసీల చిల్లరే (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్ళు). కృష్ణ పారితే మాకు నీళ్ళు, లేదంటే ఆకుమళ్ళు ఎండటమే. పైన ఇంకా పైన పెద్దది ఏదో కట్టాలి, ఆ లెక్కలు తెలిసినవాడు మన కంకిపాడు కుర్రాడే అని మా వాళ్ళకి ఓ గర్వం. కుర్రాడనే మాటకేం, ఆయనకి అప్పటికే యాభై దాటాయి. పక్క ఊరివాడు ఎంత పెద్దవాడైనా మన ముసలాళ్ళకి కుర్రాడే.

కంకిపాడు మాకు కూతవేటు దూరం. కానూరి లక్ష్మణరావుగారు అక్కడే 1902 జులై 15న పుట్టారు. తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి పోయారు. బడిలో ఆడుకుంటుంటే దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. ఈ కథ మా బడిలో లెక్కల మాస్టారికి భలే పనికొచ్చేది. లెక్క తప్పు చేసిన ప్రతివాడినీ నిలబెట్టి, "ఒంటి కన్నుతో ఆయన అంత చదివాడే, రెండు కళ్ళూ పెట్టుకుని నువ్వేం చేస్తున్నావురా" అనేవారు. నిజం చెప్పాలంటే కె.ఎల్.రావుగారి మీద నాకు కలిగిన మొదటి భావం భక్తి కాదు, ఒళ్ళు మంట.

ఆ చదువు సంగతి చూస్తే మాత్రం మాస్టారి మాటలో అతిశయోక్తి లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్, గిండీలో ఇంజనీరింగ్. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ డిగ్రీ తీసుకున్న మొదటి విద్యార్థి ఆయనే. 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ. రంగూన్‌లో పాఠాలు చెప్పారు, ఇంగ్లండ్‌లో ఇంగ్లీషు పిల్లలకీ చెప్పారు, రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్ (ఇనప చువ్వలు వేసిన కాంక్రీటు) మీద పుస్తకం రాశారు. తిరిగొచ్చాక మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజనీరు. 1950లో ఢిల్లీ వెళ్ళి సెంట్రల్ వాటర్ అండ్ పవర్ కమిషన్‌లో డిజైన్ల డైరెక్టర్, 1954లో చీఫ్ ఇంజనీరు. దేశం ఒకేసారి భాక్రా, హీరాకుడ్, నాగార్జునసాగర్ అంటూ నదులన్నిటి మీదా పడ్డ కాలం అది. అలాంటప్పుడు డిజైన్ల కుర్చీలో ఉండటం కంటే ఒక సివిల్ ఇంజనీరుకి ఇంకేం కావాలి? సన్మానం చేయించుకుని పెన్షన్ కాగితాలతో ఇంటికి పోవాల్సిన వయసులో ఆయన ఎన్నికల్లో నిలబడ్డారు. 1962లో విజయవాడ నుంచి కాంగ్రెస్ తరఫున లోక్‌సభకి గెలిచారు. తర్వాత 1967లో, 1971లో కూడా.

విజయవాడ ఓటర్ల టేస్టు గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 1952లో వాళ్ళు గెలిపించింది హరీంద్రనాథ్ చటోపాధ్యాయని. కవి, నటుడు, సరోజినీ నాయుడు తమ్ముడు, పైగా ఇండిపెండెంటు. 1957లో డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబగారిని, అంటే విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావుగారి కూతురిని. ఆ తర్వాత ఈ ఇంజనీరుని. కవి, డాక్టరు, ఇంజనీరు. ఇప్పటి టిక్కెట్ల లెక్కల్లో ఈ ముగ్గురిలో ఒక్కరికైనా బీఫారం దక్కేదా అని నా అనుమానం.

1967 ఎన్నికలు నాకు బాగా గుర్తు. కాడెద్దుల గుర్తు వేసిన కరపత్రాల కోసం జీపు వెనక పరిగెత్తేవాళ్ళం. మా ఊళ్ళో సగం మంది కమ్యూనిస్టులు, ఎర్రజెండా లేని వీధి లేదు. అయినా కె.ఎల్.రావుగారి దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ తిట్లలో కూడా ఒక మర్యాద ఉండేది. కాంగ్రెస్‌ని కడిగేసి, ఢిల్లీని దులిపేసి, ఆయన పేరు దగ్గర మాత్రం "మనిషి మంచోడేలే, లెక్క తెలిసినోడు" అని దాటేసేవాళ్ళు. కాలువ నీళ్ళు కాంగ్రెస్ చేను, కమ్యూనిస్టు చేను అని చూడవు కదా.

ఆయన్ని నేను కళ్ళారా చూసింది 1971 ఎన్నికల మీటింగులోనే. అప్పటికి గుర్తు ఆవూ దూడా. మా నాన్న సైకిలు మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాడు. మేం వెళ్ళేసరికి జనం కిక్కిరిసి ఉన్నారు, వెనక ఎక్కడో రోడ్డు వార నిలబడ్డాం. మైకు ఓ మాట వినిపిస్తే రెండు మాటలు మింగేస్తోంది. నాకు కనిపించింది దూరంగా తెల్లబట్టల్లో ఒక పెద్దాయన, అంతే. తిరిగొచ్చేటప్పుడు సైకిలు తొక్కుతూ మా నాన్న దారి పొడుగునా ఆ ఉపన్యాసం నాకు మళ్ళీ చెప్పాడు, ఎన్ని క్యూసెక్కులు (సెకనుకి ఒక ఘనపుటడుగు పారితే క్యూసెక్కు), ఎన్ని టీఎంసీలు, ఎన్ని ఎకరాలు అని. మైకు అంత అన్యాయంగా ఉంటే ఆయనకి ఇవన్నీ ఎలా వినపడ్డాయో నాకు ఇప్పటికీ తెలీదు. సగం మా నాన్న సొంతమే అయ్యుండాలి. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అవుతుందన్న లెక్క మాత్రం ఆ రాత్రి సైకిలు వెనకే నేర్చుకున్నాను. ముప్పై ఏళ్ళకి పైగా ఉద్యోగంలో అంత వాడుకున్న లెక్క ఇంకోటి లేదు.

రావుగారు మంత్రి అయింది 1963 జులైలో, నెహ్రూగారి హయాంలో. పద్మభూషణ్ వచ్చిందీ ఆ ఏడే. అదే నెలలో నెహ్రూ వచ్చి రెండు రోజుల తేడాతో శ్రీశైలానికి, పోచంపాడుకి (ఇప్పటి శ్రీరాంసాగర్) శంకుస్థాపన చేశారు, 24న ఒకటి, 26న ఒకటి. కొత్త మంత్రికి అంతకంటే మంచి మొదటి వారం ఎక్కడ దొరుకుతుంది? నెహ్రూ పోయాక శాస్త్రి, శాస్త్రి పోయాక ఇందిర. ప్రధానులు మారినా 1973 దాకా ఆయన నీళ్ళూ కరెంటుల్లోనే ఉన్నారు. పల్లెలకి కరెంటు అప్పులివ్వడానికి గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టింది కూడా ఆ కాలంలోనే, 1969లో. డెల్టాలో మాకు కాలువ ఉంది కాబట్టి దాని విలువ అంతగా తెలియలేదు. మెట్ట ఊళ్ళలో బావి మీద మోటారు పెట్టుకున్నవాళ్ళని అడగాలి.

సాగర్ సంగతికి వస్తే నాకు ముందు గుర్తొచ్చేది డ్యామ్ కాదు, మా మేనత్త. ఆవిణ్ణి నరసరావుపేట వైపు మెట్ట పల్లెకి ఇచ్చారు. "నీళ్ళు లేని ఊరికి పిల్లనిచ్చాం" అని మా నాయనమ్మ ఆఖరిదాకా బాధపడింది. సెలవులకి అక్కడికి వెళ్ళేటప్పుడు మా నాన్న భుజం మీద బియ్యం మూట తప్పనిసరి. వాళ్ళు రోజూ తినేది జొన్నన్నం. మాకు మాత్రం అత్తయ్య ఆ బియ్యంలోంచి వండి పెట్టేది, తన పిల్లలు చూస్తుండగా. అది తినడానికి గొంతు దిగేది కాదు. ఊళ్ళో మంచినీళ్ళ బావి ఒకటి, చేద వేస్తే తాడు దిగుతూనే ఉండేది.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. మా మామయ్య వాళ్ళ ఊరి మేజరుకి, అంటే పెద్ద పిల్లకాలువకి, నీళ్ళు చేరడానికి ఆ తర్వాత కూడా టైము పట్టింది, కాలువలు తవ్వడం పూర్తవ్వాలిగా. చేరిన ఏడు మామయ్య నుంచి ఉత్తరం వచ్చింది. నీళ్ళొచ్చాయి బావా, ఏం చెయ్యాలో తెలియడం లేదు, ఓసారి రా అని. జొన్న, వరిగ వేసిన మనిషి, దమ్ము చెయ్యడం తెలీదు, మడి కట్టడం తెలీదు, ఆకు ఎప్పుడు తియ్యాలో తెలీదు. మా నాన్న సెలవు పెట్టి వెళ్ళాడు, ఊరి నుంచి నాట్లు వేసే ఆడవాళ్ళని కూడా వెంటబెట్టుకుని. తిరిగొచ్చాక చెప్పింది ఒకటే. మామయ్య రాత్రిళ్ళు లాంతరు పట్టుకుని వెళ్ళి చేలో నీళ్ళు ఉన్నాయా పోయాయా అని చూసొస్తున్నాడట. ఆ తర్వాత డెల్టా నుంచి ఎంతోమంది ఇక్కడ ఎకరం అమ్మి అక్కడ ఎకరాలు కొనుక్కుని వెళ్ళిపోయారు. మా అత్తయ్య ఊరు కొన్నేళ్ళకి మిరపా పత్తీ అంటూ మమ్మల్ని మించిపోయింది. నాయనమ్మ అది చూడకుండానే పోయింది.

ఇంజనీరింగ్‌లో ఉండగా మమ్మల్ని సాగర్‌కి టూరు తీసుకెళ్ళారు. స్లైడ్ రూలుతో కుస్తీ పడుతున్న రోజులు. ఆర్‌సీసీ, అంటే ఆ చువ్వల కాంక్రీటు పాఠంలో మోడ్యులర్ రేషియో అనే లెక్క దగ్గర చతికిలపడ్డ ప్రతివాడికీ మా లెక్చరరు కె.ఎల్.రావుగారి పేరు చెప్పేవారు, బడిలో మాస్టారి లాగానే. ఈ మనిషి నన్ను వదిలేలా లేరనుకున్నాను. డ్యామ్ చూశాక మాత్రం నోరు మూతపడింది. ఎత్తు 124 మీటర్లు, నదికి అడ్డంగా ఉన్న ప్రధాన భాగమంతా రాతి కట్టడం. ప్రపంచంలో రాతితో కట్టినవాటిలో అంత ఎత్తైనది లేదన్నారు. కాంక్రీటుతో కట్టే విద్య మనవాళ్ళకి తెలియక కాదు, కాంక్రీటు మీద పుస్తకం రాసినాయనే డిజైన్ల దగ్గర ఉన్నారాయె. సిమెంటుకి కరువు, యంత్రాలు తెప్పించాలంటే విదేశీ మారకం కావాలి. మన దగ్గర దండిగా ఉన్నది రాయి, పని కోసం చూసే మనుషులు. పాలమూరు కూలీలు, వడ్డెరలు తట్టలతో, కావళ్ళతో మోసి కట్టారు. డిజైన్ అంటే బీములూ స్తంభాల లెక్కే అనుకునేవాణ్ణి. దేశం దగ్గర ఏముంది, ఏం లేదు అన్నది కూడా అందులో ఒక అంకె అని ఆ రోజే తెలిసింది.

మమ్మల్ని డ్యామ్ లోపలి గ్యాలరీలోకి దించారు. బయట రోకళ్ళు పగిలే ఎండ, లోపల చలి. పసుప్పచ్చ బల్బుల కింద గోడ చెమ్మగా మెరుస్తోంది, పక్కన సన్నటి కాలవలో ఊట నీళ్ళు పారుతున్నాయి. మాలో ఒకడు భయపడిపోయి "సార్, లీకవుతోంది" అన్నాడు. మా లెక్చరరు నవ్వి, చివర బిగించిన ఇనప రేకు చూపించారు. దానికి వి ఆకారంలో కోత. ఆ కోతలోంచి పడే నీటి ఎత్తు కొలిస్తే ఊట ఎంతో తెలుస్తుంది. లీకవ్వని డ్యామ్ ఉండదు, ఎంత లీకవుతోందో రాసి పెట్టుకోని డ్యామే ప్రమాదం అన్నారాయన. పక్కన గూట్లో రిజిస్టరు కనిపించింది. తేదీ, టైము, అంకె, సంతకం. అచ్చం మా నాన్న గేజి పుస్తకమే. బయటికొచ్చాక అందరూ ఎత్తిపోతల జలపాతం చూడ్డానికి ఎగబడ్డారు గానీ నా మనసంతా ఆ రిజిస్టరు మీదే ఉంది.

సాగర్‌లో కుడి కాలువకి జవహర్ పేరు, ఎడమ కాలువకి లాల్ బహదూర్ పేరు పెట్టారు. ఆ కాలువలకి నీళ్ళు వదిలింది ఇందిర. రావుగారు మంత్రిగా పనిచేసిన ముగ్గురు ప్రధానులూ అక్కడ లెక్కకి వచ్చారు.

భక్తి కొద్దీ అన్నిటికీ తలూపడం నాకు చేతకాదు. 1954లో ఇంజనీరు కన్వర్ సేన్, కె.ఎల్.రావు ఇద్దరూ చైనా వెళ్ళారు, పసుపు నది వెంట కరకట్టలు చూడటానికి. అప్పుడు బీహార్‌లో కోసీ వరదల్ని ఎలా ఆపాలన్నది పెద్ద చర్చ. 1955లో కోసీకి రెండు పక్కలా కరకట్టల పని మొదలైంది. బాగా ఎక్కువ ఒండ్రు మోసుకొచ్చే నదుల్లో కోసీ ఒకటి. కట్టల మధ్య బంధిస్తే ఆ ఒండ్రంతా అక్కడే పేరుకుని నది అడుగు పైకి లేస్తుంది, కట్టల మధ్య చిక్కుకున్న ఊళ్ళకి ఏటా గండమే. 2008 ఆగస్టులో నేపాల్లో కుసహా దగ్గర కట్ట తెగి నది పాత దారి పట్టినప్పుడు టీవీ ముందు కూర్చుని ఆ చైనా ప్రయాణం గురించే ఆలోచించాను. నిర్ణయం ఆయన ఒక్కరిదీ కాదు, ఆ రోజుల్లో జనం కోరిందీ అదే. అయినా ఆయన చూసొచ్చినదాని ప్రభావం అందులో లేదనలేం. కృష్ణ కరకట్ట పక్కన పెరిగినవాణ్ణి, కట్ట మీద నాకూ నమ్మకమే. కానీ మన కృష్ణ వేరు, ఆ కోసీ వేరు.

1973తో మంత్రి పదవి ముగిసింది. 1977లో విజయవాడ సీటు గోడె మురహరిగారికి వెళ్ళింది. 1978లో రావుగారి ఆత్మకథ వచ్చింది, పేరు 'ది క్యూసెక్స్ కాండిడేట్'. మూడుసార్లు గెలిచి, పదేళ్ళు కేంద్ర మంత్రిగా చేసిన మనిషి తన పుస్తకానికి ఆ పేరు పెట్టుకున్నారు. అట్ట చూపిస్తే మా నాన్న ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివి, "చెప్పానా, మన శాఖే" అన్నాడు.

1986 మే 18న రావుగారు పోయారు. నేను అప్పటికి కుడి కాలువ మీద అసిస్టెంట్ ఇంజనీర్ని. కాలువకి నీళ్ళు ఆపేసిన నెల, క్లోజర్ పనులు జోరుగా సాగుతున్నాయి. లైనింగ్ పలకలు ఊడినచోట అతుకులు, షట్టర్లకి రంగు, రాత్రయితే బిల్లుల టెన్షన్. వార్త రేడియోలో విన్నాం. మా సైటులో ముసలి వర్క్ ఇన్‌స్పెక్టర్ ఒకాయన డ్యామ్ కట్టేటప్పుడు అక్కడ పనిచేసినవాడు. ఆ సాయంత్రం మేస్త్రీలని పోగేసి, అప్పట్లో ఏ రాయి ఏ క్వారీ నుంచి వచ్చేదో, గీసిన గీత దాటితే పెద్దాఫీసర్లు ఎలా కూలగొట్టించేవారో చెబుతూ కూర్చున్నాడు. కుర్ర మేస్త్రీలు బీడీలు ఆర్పేసి విన్నారు. పని మానలేదు, మర్నాడు ఆరింటికే మిక్సరు తిరిగింది.

డెల్టావాళ్ళ ఉక్రోషం ఒకటుంది, అదీ చెప్పాలి. సాగర్ రాకముందు కృష్ణకి జూన్‌లో కొత్త నీళ్ళొస్తే మాకే ముందు. సాగర్ వచ్చాక, ఆపైన శ్రీశైలం వచ్చాక, ఇంకా ఎగువన ఎవరికి వాళ్ళు కట్టుకున్నాక, మా "పైన" దూరమైపోయింది. కేటాయింపుల్లో డెల్టాకి 181.2 టీఎంసీలని కాగితం మీద ఉంది. అది జూన్‌లో వస్తుందా ఆగస్టులో వస్తుందా అన్నది కాగితం చెప్పదు. మా కుర్రాడు కట్టిన డ్యామే మా నీళ్ళని ఆపుతోందని మా ఊరి రచ్చబండ మీద అన్నవాళ్ళున్నారు. మా నాన్నకి మహా కోపం వచ్చేది. మెట్టవాళ్ళు జొన్నలు తింటూనే బతకాలా అని చెల్లెలి ఊరి గురించి వాదించేవాడు.

దానికి మందు పులిచింతల. సాగర్‌కీ బ్యారేజికీ మధ్యన, బ్యారేజికి 85 కిలోమీటర్ల ఎగువన, 45.77 టీఎంసీలు. మూడు టీఎంసీల బ్యారేజిని నమ్ముకున్న 13 లక్షల ఎకరాల డెల్టాకి అది ఎంతో చెప్పక్కర్లేదు. ఎన్ని శంకుస్థాపనలో, ఎన్ని కేసులో. చివరికి 2013 డిసెంబరులో డాక్టర్ కె.ఎల్.రావు సాగర్ పేరుతో ప్రారంభించారు, ఆయన పోయిన 27 ఏళ్ళకి. విజయవాడలో కె.ఎల్.రావు నగర్ ఎప్పట్నుంచో ఉంది, హెడ్ వాటర్ వర్క్స్‌కీ ఆయన పేరే. కానీ ఇంజనీరుకి కాలనీ ఏం సరిపోతుంది, రిజర్వాయరు ఉండాలి. 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున అక్కడ 16వ నెంబరు గేటు కొట్టుకుపోయిందని ఫోను వచ్చినప్పుడు, రిటైరైపోయానన్న సంగతి కూడా మర్చిపోయి బట్టలు మార్చుకోవడానికి లేచాను. ఇంట్లోవాళ్ళు నవ్వారు.

ఇక గంగా కావేరి. రిటైరైన ఇంజనీర్లు నలుగురు చేరిన చోట ఈ వాదన రాకుండా ఉండదు. 1972లో రావుగారు చెప్పిన పథకం అది. పాట్నా దగ్గర గంగలోంచి ఏడాదికి 150 రోజులపాటు 60,000 క్యూసెక్కులు తీసి, 2,640 కిలోమీటర్లు నడిపించి, దారిలో నదుల్ని కలుపుకుంటూ కావేరి దాకా తేవడం. ఆయన వేసిన ఖర్చు 12,500 కోట్లు. పేచీ డబ్బుతోనే కాదు, ఎత్తుతో కూడా వచ్చింది. మధ్యలో గుట్టలు దాటించడానికి నీళ్ళని దాదాపు 550 మీటర్లు పైకి తోడాలి. దానికే 5,000 నుంచి 7,000 మెగావాట్ల కరెంటు కావాలని తేల్చారు. అప్పట్లో దేశం మొత్తం స్థాపిత సామర్థ్యమే 17 వేల మెగావాట్ల లోపు. అంటే దేశం కరెంటులో మూడో వంతు ఒక్క కాలువ తాగేస్తుంది. ఇంత చేసి అదనంగా పారేది 40 లక్షల హెక్టార్లు, పైగా గంగ వరదకి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. ఇంజనీరుగారి పెద్ద కలకి అడ్డం పడింది రాజకీయం కాదు, ఇంజనీరింగే. ఫైలు పక్కకి వెళ్ళింది, 1982లో నేషనల్ వాటర్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ వచ్చి నదుల అనుసంధానం లెక్కలు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.

నేను ఈ వాదనలో లెక్క వైపే. అంత ఎత్తు తోడటం అయ్యే పని కాదు. కానీ ఒక బేసిన్‌లో (నదీ పరీవాహకంలో) ఎక్కువైనది పక్క బేసిన్‌కి మళ్ళించాలన్న ఆలోచన తప్పని ఎవరైనా అంటే ఊరుకోను. 2015లో పట్టిసీమ పంపులు తిరిగి గోదావరి నీళ్ళు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిశాయి. కృష్ణలో పైనుంచి చుక్క రాని ఏళ్ళలో కూడా మా బందరు కాలువకి జులైలో నీళ్ళొచ్చాయి. తోడే ఎత్తు తక్కువ కాబట్టి కుదిరింది. ఇదంతా మొన్న వాకింగ్ దగ్గర ఆవేశంగా చెబుతుంటే, కరెంటు శాఖలో చేసి రిటైరైన మా మిత్రుడొకాయన బెంచీ మీద నుంచి కదలకుండానే అన్నాడు: "కె.ఎల్.రావుగారు నీళ్ళకీ కరెంటుకీ ఒక్కరే మంత్రి కాబట్టి గంగా కావేరి అంత దూరమైనా వచ్చిందండీ. మా శాఖకి వేరే మంత్రి ఉండుంటే, ఆ ఏడువేల మెగావాట్ల కాగితం వచ్చిన పూటే తిప్పి పంపేవాళ్ళం."